కేంద్రకం అంచున ఏ జన్యువులుంటాయి, ఎందుకుంటాయి

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఏయూ హ్యూమన్ జెనెటిక్స్ పిల్లలు, ఆంధ్రా మెడికల్ కాలేజీ పిల్లలు కనిపిస్తున్నారు. వెనక కూర్చున్న పెద్దల్లో చాలామందిది సైన్సు చదువు కాదు. అందుకని పేర్లు తగ్గించి, జరిగే పని గురించి ఎక్కువ చెబుతాను. ఏదైనా అర్థం కాకపోతే అక్కడే ఆపండి, ఫర్వాలేదు.

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాళ్ళందరూ కేంద్రకం బొమ్మ వేసే ఉంటారు. గుండ్రంగా ఒక గీత, దాన్ని ఆనుకుని ఇంకో గీత, అక్కడక్కడా చిన్న ఖాళీలు. బాణం గుర్తు పెట్టి ‘కేంద్రక త్వచం’ అని రాస్తాం. కేంద్రకాన్ని కణద్రవ్యం నుంచి వేరుచేస్తుంది అని ఒక వాక్యం రాస్తాం. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోవడం పెద్ద నష్టం అని నేను అనుకుంటాను. ఎందుకంటే ఆ పొరలో ఉండే ప్రోటీన్లకు లోపలి డీఎన్‌ఏ సర్దుబాటులో చేయి ఉంది. ఏ జన్యువు అంచున ఉండాలి, ఏది లోపలికి రావాలి అన్నది తేలడంలో వాటి పాత్ర ఉంది. జన్యువులో ఏం రాసి ఉందో తెలుసుకోవడానికి మనం కోట్లు ఖర్చుపెట్టాం. ఆ జన్యువు ఎక్కడ ఉందన్నది కూడా అంతే పట్టించుకోవాల్సిన సంగతి. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదే.

మనిషి కణం ఒక్కోదానిలో 46 క్రోమోజోములుంటాయి. వాటిలోని డీఎన్‌ఏ మొత్తాన్ని వరుసగా చాపితే సుమారు 2 మీటర్లు. అది ఉండాల్సిన కేంద్రకం వ్యాసం చాలా కణాల్లో 5 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంత చోటులో అంత పొడవు ఇమడడమే గొప్ప అనుకుంటే, అందులో ఒక పద్ధతి కూడా ఉంది. కణం విభజన చెందని సమయంలో కూడా ఒక్కో క్రోమోజోముకు తనదంటూ ఒక జాగా ఉంటుందని 1885లో కార్ల్ రాబుల్, 1909లో థియొడోర్ బొవేరి ఊహించారు. ఆ మాట చాలాకాలం పక్కన పడి ఉంది. క్రోమోజోములకు ఒక్కోదానికి ఒక్కో రంగు వేసి చూసే పద్ధతులు వచ్చాక అది నిజమని తేలింది.

ఒక్క ఉదాహరణ చెప్తాను. మన 18వ క్రోమోజోము, 19వ క్రోమోజోము పొడవులో పెద్ద తేడా లేనివి. 18లో జన్యువులు తక్కువ, 19లో కిక్కిరిసి ఉంటాయి. ఎడిన్‌బరోలో వెండీ బిక్‌మోర్ బృందం 1999లో చూస్తే 18వది కేంద్రకం అంచు దగ్గర, 19వది లోపల మధ్యలో కనిపించాయి. పొడవు చూసి జాగా ఇస్తున్నట్టు లేదు. లోపల జన్యువులెన్ని ఉన్నాయి, ఎంత పనిచేస్తున్నాయి అన్నదాన్ని బట్టి ఇస్తున్నట్టుంది.

ఇప్పుడు తెర మీద చూడండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక మామూలు కణం కేంద్రకం ఇది. అంచు వెంబడి లోపలి వైపు ఒక నల్లటి పట్టీ ఉంది, కనిపిస్తోందా? మధ్య భాగమంతా బూడిద రంగులో పలచగా ఉంది. నల్లగా ఉన్నది బాగా దగ్గరగా ముడుచుకున్న డీఎన్‌ఏ, దాన్ని హెటిరోక్రోమాటిన్ అంటాం. ఎక్కువగా నోరు మూసుకున్న జన్యువులు అందులో ఉంటాయి. పలచగా ఉన్నది యూక్రోమాటిన్, పని నడుస్తున్న భాగం. ఇంకొంచెం దగ్గరగా చూడండి. నల్ల పట్టీ అంతటా ఒకేలా లేదు, మధ్యమధ్యలో తెగింది. తెగిన చోటల్లా పొరలో ఒక రంధ్రం ఉంది. రంధ్రం ఎదురుగా నలుపు నిలవడం లేదు. పోలియో వైరస్ సోకి క్రోమాటిన్ అంతా అంచుకు ముడుచుకుపోయిన కణాల్లో కూడా రంధ్రాల ఎదురుగా ఈ ఖాళీ మిగులుతుంది. రంధ్రం లోపలి వైపున ఉండే టీపీఆర్ అనే ప్రోటీనును తీసేస్తే మాత్రం ఆ ఖాళీ కూడా పూడిపోతుందని 2010లో చూపించారు. అంటే పొరలో ఒక ప్రోటీను హెటిరోక్రోమాటిన్‌ను దగ్గరకు తీస్తుంటే, కాస్త అవతల ఇంకో ప్రోటీను దాన్ని దూరంగా ఉంచుతోంది.

పొర నిర్మాణం రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను. బయటి త్వచం, లోపలి త్వచం, వాటి మధ్య 30 నుంచి 50 నానోమీటర్ల సందు. బయటి త్వచం కణద్రవ్యంలోని త్వచాల వలతో, అంటే అంతర్జీవద్రవ్యజాలంతో, కలిసిపోయి ఉంటుంది. లోపలి త్వచంలో దానికే ప్రత్యేకమైన ప్రోటీన్లు ఉంటాయి: ఎమరిన్, లామిన్ బి రిసెప్టర్, ల్యాప్2 వగైరా. లోపలి త్వచాన్ని ఆనుకుని, డీఎన్‌ఏకు ఎదురుగా, సన్నటి పోగుల అల్లిక ఒకటి ఉంటుంది. ఆ పోగులే లామిన్లు. లామిన్ ఎ, లామిన్ సి ఒకే జన్యువు నుంచి వస్తాయి, దాని పేరు ఎల్‌ఎంఎన్‌ఏ. బి1, బి2 లకు వేరే జన్యువులున్నాయి. 1970ల చివర, 1980ల మొదట్లో లారీ గెరేస్, గుంటర్ బ్లోబెల్ వీటిని విడదీసి చూపించారు. మన హైదరాబాద్ సీసీఎంబీలో వీణా పర్నాయక్ బృందం లామిన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. పరిశోధనలోకి వెళ్ళాలనుకునే పిల్లలు ఆ పేపర్లు వెతికి చదవండి.

సరే, అంచును ఆనుకుని ఏ జన్యువులున్నాయో కనిపెట్టడం ఎలా? మైక్రోస్కోపులో నలుపు కనిపిస్తుంది గానీ ఆ నలుపులో ఏ జన్యువుందో కనిపించదు. దీనికి బాస్ వాన్ స్టీన్సెల్, స్టీవెన్ హెనికాఫ్ 2000లో ఒక ఉపాయం చెప్పారు. నాకు చాలా ఇష్టమైన ఉపాయం ఇది. ఈ.కోలై బ్యాక్టీరియాలో డ్యామ్ అనే ఎంజైము ఉంది. డీఎన్‌ఏలో జీ-ఏ-టీ-సీ అనే వరుస ఎక్కడ కనిపించినా అందులోని అడినీన్ మీద ఒక మిథైల్ గుర్తు పెట్టడం దాని పని. మన కణాల్లో ఇలాంటి గుర్తు దాదాపు ఉండదు. ఆ ఎంజైమును తీసుకొచ్చి లామిన్‌కు అతికించి కణంలో పెడితే? లామిన్ అంచున ఉంటుంది కాబట్టి ఎంజైమూ అక్కడే ఉంటుంది. దాని దగ్గరికొచ్చిన డీఎన్‌ఏ మీదే గుర్తు పడుతుంది. తర్వాత కణాల్లోంచి డీఎన్‌ఏ తీసి గుర్తు ఉన్న ముక్కల్ని ఏరి చదివితే, అంచుకు తగిలిన జన్యువుల జాబితా మొత్తం చేతికొస్తుంది.

2008లో వాన్ స్టీన్సెల్ బృందమే మనిషి ఫైబ్రోబ్లాస్టు (కణజాలాలను కలిపి ఉంచే) కణాల్లో ఈ పని చేసి చూసింది. లామిన్ అల్లికను ఆనుకున్న ప్రాంతాలు 1,300కు పైగా కనిపించాయి. వీటిని ల్యాడ్‌లు అంటున్నారు. ఒక్కోటి లక్ష నుంచి కోటి బేస్‌ల, అంటే డీఎన్‌ఏ అక్షరాల, పొడవు. అన్నీ కలిపితే మన జీనోములో మూడో వంతు దాటుతుంది. వాటిలో జన్యువులు పలచగా ఉంటాయి, ఉన్నవి కూడా చాలావరకు మౌనంగా ఉంటాయి.

మౌనంగా ఉన్నాయంటే పనికిరానివని కాదు. మన ఇళ్ళలో అటక మీద పెద్ద గుండిగలు, గంగాళాలు పెడతాం. రోజూ వంటకు అక్కరలేదు కాబట్టి పైకెక్కిస్తాం గానీ పారేయం. ఇంట్లో పెళ్ళో, వ్రతమో వస్తే నిచ్చెన వేసి దించుతాం. ల్యాడ్‌లో ఉన్న జన్యువు అలాంటిది. పైగా ఏది అటకెక్కాలన్నది ఇంటింటికీ మారినట్టే కణం కణానికీ మారుతుంది. న్యూరాన్‌కు అక్కర్లేని జన్యువు కండరానికి అన్నిటికంటే ముఖ్యమైనది కావచ్చు. ఎలుక మూలకణాలు మెదడు కణాలుగా మారుతున్నప్పుడు ఏ జన్యువులు అంచు వదిలి వస్తున్నాయో 2010లో చూశారు. వందల జన్యువుల స్థానం మారింది. వాటిలో కొన్ని వెంటనే పని మొదలుపెట్టాయి. కొన్ని మాత్రం అంచు వదిలి ఊరికే ఉన్నాయి, తర్వాతి దశలో అవసరం పడ్డప్పుడు తేలిగ్గా పని అందుకున్నాయి. ముందురోజే దించి కడిగి పెట్టుకోవడం కణానికీ తెలుసన్నమాట.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఎవరైనా ఒక అనుమానం లేవనెత్తాలి. అంచున ఉండటం వల్ల జన్యువు మౌనం వహించిందా, మౌనంగా ఉంది కాబట్టి అంచుకు చేరిందా? 2008లోనే మూడు ల్యాబులు దీన్ని సూటిగా పరీక్షించాయి. ఒక జన్యువును ఎంచుకుని, దానికి కృత్రిమంగా ఒక పట్టు తగిలించి, బలవంతంగా లోపలి త్వచం దగ్గరికి లాగారు. ఒక ల్యాబులో అలా లాగిన జన్యువు పని తగ్గింది. రెండోదానిలో చుట్టుపక్కల ఉన్న కొన్ని జన్యువులు తగ్గాయి, కొన్నిటికి ఏమీ కాలేదు. మూడోదానిలో లామిన్ దగ్గర కట్టేసినా సంకేతం అందగానే జన్యువు నిక్షేపంగా పనిచేసింది. అంచుకు చేరడం అనేది మౌనానికి సాయం చేస్తుంది, అదొక్కటే దాన్ని తేల్చేయదు. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 అనే ప్రోటీనులో 9వ స్థానంలోని లైసిన్ మీద మిథైల్ గుర్తు పడటం చాలాచోట్ల ముందు జరిగే పని. పొరలోని ప్రోటీన్లు ఆ గుర్తును పట్టుకుంటాయి. అందుకే ‘పొర జన్యువుల్ని మూసేస్తుంది’ అని సింపుల్‌గా రాసేసిన వ్యాసాలు చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. నిజం అంతకంటే అందంగా ఉంది.

ఆ అందం చూడాలంటే ఎలుక కంట్లోకి వెళ్ళాలి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

కంటి వెనక రెటీనాలో దండ కణాలు మసక వెలుతురులో చూడటానికి పనికొస్తాయి. వెలుతురును పట్టుకునే కొస కణానికి వెనక వైపున ఉంటుంది. అంటే వెలుతురు ముందు నరాల పొరలన్నీ దాటి, దండ కణాల కేంద్రకాల గుండా కూడా దూరి, ఆ కొసకు చేరాలి. ఎలుకకు దండ కణాలు చాలా ఎక్కువ. వాటి కేంద్రకాలు ఒకదాని వెనక ఒకటి పది వరుసల దాకా పేరుకుని ఉంటాయి. మామూలు కేంద్రకమైతే హెటిరోక్రోమాటిన్ అంచున ఉంటుంది, వెలుతురు చెదిరిపోతుంది. 2009లో మ్యూనిక్‌లో ఇరినా సొలొవే, బోరిస్ జాఫీ తదితరులు ఎలుక దండ కణాలు చూస్తే అంతా తిరగబడి ఉంది. హెటిరోక్రోమాటిన్ మొత్తం నడిమధ్యలో ఒక ముద్దగా చేరింది, పనిచేసే యూక్రోమాటిన్ అంచుకు వచ్చింది. రాత్రి తిరిగే ఇతర క్షీరదాల్లోనూ ఇలాగే ఉంది. పగలు తిరిగే వాటిలో మామూలు పద్ధతే. మధ్యలో ముద్ద కట్టిన కేంద్రకం వెలుతురును చెదరనివ్వకుండా ముందుకు కేంద్రీకరించి పంపుతుంది. వరుసగా ఉన్న అలాంటి కేంద్రకాల గుండా వెలుతురు వృథా కాకుండా వెనక్కి చేరుతుంది. ఎలుక పిల్ల ఈ తిరగబడ్డ కేంద్రకాలతో పుట్టదు. పుట్టిన తర్వాత వారాల వ్యవధిలో మెల్లగా లోపలి అమరిక మారుతుంది.

ఎందుకు మారింది? నాలుగేళ్ళ తర్వాత, 2013లో, అదే బృందం జవాబు చెప్పింది. మామూలు కణాల్లో హెటిరోక్రోమాటిన్‌ను అంచున పట్టి ఉంచే ఏర్పాట్లు ప్రధానంగా రెండు. ఒకటి లామిన్ బి రిసెప్టర్, ఇకమీద ఎల్‌బీఆర్ అంటాను. రెండోది లామిన్ ఎ, సి. చాలా కణాల్లో మొదట ఎల్‌బీఆర్ ఉంటుంది, కణం ముదిరేకొద్దీ లామిన్ ఎ, సి ఆ పని అందుకుంటాయి. ఎలుక దండ కణాల్లో రెండూ లేవు. పట్టుకునేవాళ్ళు లేకపోయేసరికి హెటిరోక్రోమాటిన్ తనలో తను చేరి మధ్యకు వచ్చేసింది. దీన్ని నిర్ధారించుకోవడానికి వాళ్ళు దండ కణాల్లో ఎల్‌బీఆర్ తయారయ్యేలా ఎలుకల్ని సృష్టించారు. ఆ ఒక్క ప్రోటీను చేరగానే అమరిక తిరగబడలేదు, హెటిరోక్రోమాటిన్ అంచునే ఉండిపోయింది. ఒక్క ప్రోటీను తేడా. ఆ తర్వాత 2019లో డ్రెస్డెన్‌లో మొరిట్జ్ క్రైసింగ్ బృందం అలాంటి ఎలుకల చూపును పరీక్షించింది. మసక వెలుతురులో, నలుపు తెలుపుల తేడా తక్కువగా ఉన్న బొమ్మల్ని గుర్తించడంలో అవి మామూలు ఎలుకల కంటే వెనకబడ్డాయి. కేంద్రకపు పొరలో ఒక ప్రోటీను ఉందా లేదా అన్నదానికి, చీకట్లో ఎలుక ఎంత బాగా చూస్తుందన్నదానికి ఇంత సూటి సంబంధం ఉంటుందని ఈ పని చదివే ముందు ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

అదే 2019లో ఇంకో సంగతి బయటపడింది. తిరగబడ్డ కేంద్రకాల్ని, మామూలు వాటిని పక్కపక్కన పెట్టి, కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూశారు. హెటిరోక్రోమాటిన్, యూక్రోమాటిన్ వేర్వేరుగా విడిపోవడానికి పొర అవసరం లేదు. హెటిరోక్రోమాటిన్ ముక్కలకు ఒకదానిమీద ఒకటికి ఉన్న ఆకర్షణే దానికి చాలు. పొర చేసేదల్లా అలా విడిపోయినదాన్ని ఎక్కడ ఉంచాలో చెప్పడం. చిన్న తేడాలా వినిపిస్తుంది గానీ ఈ రంగంలో ఆలోచననే మార్చిన తేడా ఇది.

మెడికల్ కాలేజీ పిల్లల కోసం ఎల్‌బీఆర్ గురించి ఇంకో ముక్క. మీరు లీష్మన్ స్టెయిన్ వేసి బ్లడ్ స్మియర్ చూస్తారు కదా. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం కేంద్రకానికి మామూలుగా మూడు నాలుగు లోబులు, అంటే తమ్మెలు, ఉంటాయి, సన్నటి పోగుతో కలిసి. ఎప్పుడైనా ఒక స్మియర్‌లో దాదాపు అన్ని న్యూట్రోఫిల్స్‌కీ రెండే లోబులు, పాత కాలం కళ్ళద్దాల ఆకారంలో కనిపిస్తే, క్రోమాటిన్ గడ్డలుగా కట్టి ఉంటే, ఒక్క క్షణం ఆగండి. ముదరని తెల్లకణాలు వచ్చేశాయి, ఇన్‌ఫెక్షన్ అని రాసేయకండి. పెల్గర్-హ్యూట్ అనే వంశపారంపర్య మార్పు అయ్యుండొచ్చు. 1928లో పెల్గర్ చూశాడు, వంశపారంపర్యమని 1931లో హ్యూట్ గుర్తించాడు. అది ఎల్‌బీఆర్ జన్యువులో తేడా వల్ల అని 2002లో తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒకదానిలోనే తేడా ఉన్నవాళ్ళకు ఆరోగ్యానికి ఏ లోటూ ఉండదు. రెండూ దెబ్బతింటే కథ వేరు, ఎముకల ఎదుగుదలలో తీవ్రమైన లోపాలు రావచ్చు.

ఇక జబ్బుల సంగతి. 1966లో అలన్ ఎమరీ, ఫ్రిట్జ్ డ్రైఫస్ అమెరికాలోని వర్జీనియాకు చెందిన ఒక కుటుంబంలో కండరాల జబ్బును వివరించారు. చిన్నతనంలోనే మోచేతులు పూర్తిగా చాపలేకపోవడం, మడమ వెనక స్నాయువు (టెండన్) బిగుసుకుని మునివేళ్ళ మీద నడవడం, మెడ వంగకపోవడం. తర్వాత భుజాల దగ్గర, కాళ్ళలో కండ కరిగిపోవడం. అన్నిటికంటే ప్రమాదం గుండె కొట్టుకునే లయ తప్పడం. 1994లో దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద దొరికింది. అందులోంచి వచ్చే ప్రోటీనుకు ఎమరీ గౌరవార్థం ఎమరిన్ అని పేరు పెట్టారు. అది ఎక్కడుందా అని చూస్తే కేంద్రకపు లోపలి త్వచంలో ఉంది. 1999లో ఇదే జబ్బు ఇంకో రూపానికి లామిన్ ఎ జన్యువు కారణమని తేలింది. ఆ తర్వాత ఒక్క ఎల్‌ఎంఎన్‌ఏ జన్యువులోని వేర్వేరు తేడాల వల్ల పదికి పైగా జబ్బులు బయటపడ్డాయి. కొన్నిట్లో కండరం, కొన్నిట్లో గుండె, ఒకదానిలో కాళ్ళూ చేతుల్లోని కొవ్వు కరిగిపోవడం.

ఈ ప్రోటీన్లు దాదాపు ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉన్నాయి. మరి దెబ్బ కండరానికే ఎందుకు? ఒక జవాబు బలానికి సంబంధించింది. గుండె, కండరం నిరంతరం సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి, లామిన్ బలహీనమైతే కేంద్రకం ఆ తాకిడికి తట్టుకోలేదు. దీనికి మంచి ఆధారాలున్నాయి. రెండో జవాబు మన ఇవాళ్టి విషయమే: జన్యువుల చోటు తప్పడం. దీనికి ఆధారం ఒక మిల్లీమీటరు పొడవున్న నులిపురుగులో దొరికింది.

సీ. ఎలిగాన్స్ అనే ఆ పురుగులో లామిన్ ఒకటే రకం. అందుకే పరీక్షకు అనువు. స్విట్జర్లాండ్ బాసెల్‌లో సూసన్ గాసర్ బృందం మనుషుల్లో ఎమరీ-డ్రైఫస్ జబ్బు తెచ్చే మార్పునే పురుగు లామిన్‌లో పెట్టింది. కండర జన్యువు ఒకదాని స్విచ్ భాగాన్ని చాలా ప్రతులుగా పేర్చి, మెరిసే గుర్తు తగిలించింది. మామూలు పురుగు పిండంలో ఆ గుర్తు కేంద్రకం అంచున ఉంటుంది. కణం కండరంగా మారగానే అంచు వదిలి లోపలికి వస్తుంది, పని మొదలుపెడుతుంది. లామిన్ మార్పు ఉన్న పురుగులో కండర కణం తయారైంది గానీ గుర్తు అంచునే అంటుకుని ఉండిపోయింది. పెళ్ళి వచ్చినా గుండిగ అటక దిగలేదు. ఆ జన్యువు పని తగ్గింది, పురుగు కండరాల అల్లిక చెదిరింది, కదలిక మందగించింది. ఇది 2011 నాటి మాట.

ఆపైన ఏం చేశారో చూడండి. 2015లో అదే బృందం పురుగులో సీఈసీ-4 అనే ప్రోటీను కనిపెట్టింది. అది కేంద్రకపు పొర దగ్గర ఉండి, ఇందాక చెప్పిన హెచ్3 మిథైల్ గుర్తును పట్టుకుంటుంది. జబ్బు లామిన్ ఉన్న పురుగుల్లోంచి ఈ సీఈసీ-4ను తీసేస్తే ఏమవుతుంది? 2020లో ఫలితం వచ్చింది. లామిన్‌లో లోపం అలాగే ఉంది. అయినా పట్టు వదిలిపోవడంతో జన్యువు లోపలికి వచ్చింది, కండరాల అల్లిక, కదలిక చాలావరకు మెరుగయ్యాయి. అంటే ఆ పురుగులో జబ్బుకు కారణం కేంద్రకం చితికిపోవడం ఒక్కటే కాదు, జన్యువు దిగి రావాల్సిన వేళ దిగి రాకపోవడం కూడా. మనిషిలో ఇంత తేలిక కాదు, పట్టి ఉంచే ప్రోటీన్లు ఒకటికి మించి ఉన్నాయి. అయినా చికిత్స గురించి ఆలోచించేవాళ్ళకు ఇదొక దారి.

కండరానికే ఎందుకన్న ప్రశ్నకు ఇంకో వైపు నుంచి ఎడిన్‌బరోలో ఎరిక్ షిర్మర్ బృందం జవాబు వెతికింది. పొర ప్రోటీన్లలో అన్ని కణాలకూ సమానమైనవి కొన్నే, కండరానికి, కాలేయానికి, రక్త కణాలకు వేర్వేరుగా ఉండేవి చాలా ఉన్నాయని వాళ్ళు చూపించారు. ఎలుక కండర కణాల్లో ఉండే అలాంటివి మూడు ప్రోటీన్లు, కొన్ని జన్యువుల్ని అంచుకు చేర్చి వాటి పని తగ్గిస్తాయి. మూడింటినీ ఒకేసారి తగ్గించేస్తే కండర కణాలు తయారవడమే దాదాపు ఆగిపోయింది. ఇది 2016లో వచ్చింది. అంటే అంచున ఉంచాల్సినవాటిని ఉంచకపోయినా ప్రమాదమే.

ప్రొజీరియా గురించి చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పిల్లలకు చిన్న వయసులోనే ముసలితనం ముంచుకొచ్చే అరుదైన జబ్బు. ఎల్‌ఎంఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడం దీనికి కారణమని 2003లో తేలింది. ఆ మార్పు వల్ల లామిన్ ఎలో 50 అమైనో ఆమ్లాలు తగ్గి, ప్రొజెరిన్ అనే లోపభూయిష్టమైన రూపం తయారవుతుంది. కేంద్రకం గుండ్రతనం పోతుంది, అంచున ఉన్న హెటిరోక్రోమాటిన్ కరిగిపోతుంది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లోనాఫార్నిబ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. జబ్బును పూర్తిగా నయం చేయదు గానీ ఆయుష్షు పెంచుతోంది. ఆ పిల్లల తల్లిదండ్రులకు అది చిన్న విషయం కాదు.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. మీరు అడగండి.

*ఒక విద్యార్థిని: మాస్టారూ, కణం విభజన చెందేటప్పుడు కేంద్రకపు పొర విడిపోతుంది కదండీ. మళ్ళీ ఏర్పడ్డాక జన్యువులు పాత చోటికే వస్తాయా?*

మంచి ప్రశ్న అడిగావమ్మా. విభజన మొదట్లో లామిన్ల మీద ఫాస్ఫేట్లు చేరి అల్లిక విడిపోతుంది, క్రోమోజోములు అంచు వదిలేస్తాయి. 2013లో యోప్ కిండ్ తదితరులు, ఇందాకటి డ్యామ్ ఉపాయాన్నే కొంచెం మార్చి, అంచుకు తగిలిన డీఎన్‌ఏ బతికున్న కణంలోనే మెరిసేలా చేశారు. ఏ ఒక్క కణాన్ని చూసినా ల్యాడ్‌లలో సుమారు మూడో వంతే అంచున ఉన్నాయి. తల్లి కణంలో అంచున ఉన్నవన్నీ పిల్ల కణంలో అంచుకు రాలేదు, కొన్ని లోపల కేంద్రకాంశం (న్యూక్లియోలస్) దగ్గర తేలాయి. కాబట్టి ల్యాడ్ అంటే ‘ఎప్పుడూ అంచున ఉండేది’ అని రాసుకోకు. ‘అంచున ఉండే అవకాశం ఎక్కువ ఉన్నది’ అని రాసుకో. ఒక్కో కణంలో ఆ పంపకం వేరుగా ఉండటానికి ఏదైనా అర్థం ఉందా అన్నది నీ తరం తేల్చాల్సిన పని.

*ఒక పెద్దాయన: బాబూ, మా వైపు మేనరికాలు ఎక్కువ. మీరు చెప్పిన కండరాల జబ్బు మేనరికం వల్లనే వస్తుందా?*

లేదండీ. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పిల్లాడు పుట్టిన ఇంట్లో ముందు నింద పడేది సంబంధం మీద, ఆపైన కోడలి మీద. ఎమరిన్ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి దాన్ని మోస్తున్నా ఆమెకు తెలిసే అవకాశం తక్కువ, ఆమె చేసిన తప్పు ఏమీ ఉండదు. పెళ్ళి మేనరికమా, బయటి సంబంధమా అన్నదానితో నిమిత్తం లేదు. లామిన్ ఎ రకంలో ఎక్కువగా ఒక్క ప్రతి చెడితే చాలు, చాలాసార్లు అది తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు అయ్యుంటుంది. మేనరికంలో అవకాశం పెరిగేది రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు. ఎల్‌బీఆర్ రెండు ప్రతులూ దెబ్బతినడం అలాంటిదే.

మీ బంధువుల్లో ఎవరైనా పిల్లాడు మునివేళ్ళ మీద నడుస్తుంటే, మోచేతులు పూర్తిగా చాపలేకపోతుంటే, కండరాల డాక్టరుతో పాటు గుండె డాక్టరుకు కూడా చూపించండి. ఒక ఈసీజీ తీయించండి. ఈ జబ్బులో నడక బాగానే ఉన్నవాళ్ళకు కూడా గుండె లయ తప్పుతుంది, కొందరికి పేస్‌మేకర్ అవసరం పడుతుంది. లామిన్ రకంలో పేస్‌మేకర్ ఒక్కటే చాలకపోవచ్చు, ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం పెట్టాల్సి రావచ్చు. జన్యు పరీక్షలో లోపం తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, తల్లికి కూడా ఈసీజీ తీయించమని డాక్టరును మీరే అడగండి.